నడివయసు వలస – కొత్త నేలలో వేళ్ళు

వరినారును మడి నుండి తీసి పొలంలో నాటితే కొద్ది రోజులలోనే అది తేరుకొని పచ్చబడుతుంది. లేత వేరుకు కొత్త మట్టి అంటుకోవడం సులభం. పాతికేళ్ళు ఒకే చోట పెరిగిన మామిడిచెట్టును పెళ్ళగించి వేరొక చోట నిలపవలసి వస్తే పని అంత తేలికగా జరగదు. వేళ్ళ చుట్టూ ఉన్న పాత మట్టిగడ్డ చెదరకుండా తవ్వాలి. కొమ్మలలో కొన్నింటిని కొట్టివేయాలి. కొత్త గోతిలో నిలిపిన తరువాత చాలాకాలం ఊతకర్ర కట్టి నీరు పోయాలి. ఇంత చేసినా, పాత ఆకులు రాలనంత మాత్రాన ఆ చెట్టు బ్రతికినట్లు కాదు. పాత మట్టిగడ్డను దాటి దాని వేళ్ళు కొత్త నేలలోకి చొచ్చుకొనిపోయినప్పుడే అది బ్రతికినట్లు.

మనుషుల వలసకూ ఈ భేదమే వర్తిస్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో చదువు కోసం పరదేశం వెళ్ళినవారు అక్కడే వృత్తిని నేర్చుకొంటారు. అక్కడే స్నేహితులను సంపాదించుకొంటారు. వారి వ్యక్తిత్వం చాలవరకు ఆ నేలలోనే రూపుదిద్దుకొంటుంది. నలభై అయిదు, యాభై ఏళ్ళు దాటిన తరువాత వెళ్ళినవారి సంగతి వేరు. వారు వృత్తిలో నిలదొక్కుకొన్నవారు, పిల్లలను పెంచినవారు, ఊరిలో నలుగురూ గుర్తించే పేరు ఉన్నవారు. ఇంటితో, పొలంతో పాటు, జీవితంలో సగభాగం శ్రమించి సంపాదించుకొన్న స్థానాన్ని కూడా వారు విడిచి వెళతారు. ఆ స్థానానికి బదులు మరొకటి దొరికేవరకు ఆ మనిషి ఎంత మంచి ఇంటిలో ఉన్నా అతిథిగానే మిగిలిపోతాడు. ఆ స్థానం ఎలా దొరుకుతుందో, అందులో తోటి సమాజం వహించే పాత్ర ఏమిటో, అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళిన తెలుగువారి జీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వలసల తీరు

తెలుగువారికి సముద్రయానం కొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్దిలో మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1903 నుండి ఫిజీ దీవులకు ఎందరో తెలుగువారు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కారు. బర్మాలోని రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను వేలాదిమంది పనిచేశారు. ఆ వలసలలో అధికభాగం యువజనులవి. చెరకుతోటలకు, రేవులకు కావలసింది కండబలం. నడివయసువారికి అక్కడ చోటు తక్కువ.

1965లో అమెరికా ప్రభుత్వం చేసిన వలస చట్టంతో కొత్త అధ్యాయం మొదలైంది. పుట్టిన దేశాన్ని బట్టి ప్రవేశాన్ని పరిమితం చేసే పాత కోటా పద్ధతిని ఆ చట్టం తొలగించి, వృత్తి నైపుణ్యానికి, కుటుంబ బంధానికి ప్రాధాన్యం ఇచ్చింది. మొదట వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు వెళ్ళారు. 1990ల నుండి కంప్యూటరు నిపుణులు పెద్ద సంఖ్యలో వెళ్ళారు. 2017 నాటికి ఆ దేశంలో, ఇంటిలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య నాలుగు లక్షలు దాటినట్లు అక్కడి జనగణన శాఖ సర్వేల వలన తెలుస్తున్నది.

ఇలా వెళ్ళిన యువతరం వెనుకనే నడివయసు తరం వెళ్ళింది. అందుకు ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన అమెరికా పౌరుడు తన తల్లిదండ్రులకు శాశ్వత నివాసం కోరుతూ దరఖాస్తు చేయవచ్చు. ఈ వర్గానికి వార్షిక సంఖ్యా పరిమితి లేదు. తోబుట్టువులకు కూడా దరఖాస్తు చేయవచ్చు గాని, ఆ వర్గానికి పరిమితి ఉన్నది. భారతదేశం నుండి వెళ్ళేవారు అందులో పదిహేనేళ్ళకు పైగా వేచి ఉండవలసి వస్తున్నది. అన్న దరఖాస్తు పెట్టిన నాటికి ముప్పై అయిదేళ్ళున్న చెల్లెలు, వీసా చేతికి వచ్చేసరికి యాభై దాటుతుంది. ఈలోగా ఆమె ఉద్యోగంలో పై మెట్టుకు చేరి ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన పిల్లలకు సాధారణంగా ఆ దరఖాస్తు వర్తించదు. అవకాశం కోసం ఎదురుచూచిన కాలమే ఆ అవకాశాన్ని బరువుగా మారుస్తుంది. వెళ్ళాలా, మానాలా అన్న నిర్ణయం ఆ వయసులో ఎంత కఠినమో దీనివలన గ్రహించవచ్చు.

వృత్తి, మాట, నడక

ఉదాహరణకు ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఇరవై ఐదేళ్ళు గణితం బోధించిన ఉపాధ్యాయినిని ఊహించుకొందాం. బజారులో కూరగాయలమ్మే మనిషి మొదలు మండలాధికారి వరకు ఆమెను ‘టీచరుగారూ’ అని పిలుస్తారు. పెళ్ళి పిలుపులలో, పంచాయితీలలో, పిల్లల చదువుల విషయంలో ఆమె మాటకు విలువ ఉంటుంది. ఆమె అమెరికాలో విమానం దిగిన నాటినుండి ఫలానా ఇంజనీరు తల్లిగా, లేదా ఫలానా వైద్యుని చెల్లెలిగా పరిచయమవుతుంది. ఆమె బోధించిన గణితం ఏ దేశంలోనైనా ఒక్కటే; కాని ప్రభుత్వ పాఠశాలలో బోధించాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే అనుమతి పత్రం ఉండాలి. వైద్యుల పరిస్థితి మరింత కష్టం. ఎంత అనుభవం ఉన్నవారైనా అక్కడి పరీక్షలలో ఉత్తీర్ణులై, సాధారణంగా ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణ మళ్ళీ పొందవలసి ఉంటుంది. యాభై ఏళ్ళ వైద్యుడు తన పిల్లల ఈడువారితో కలిసి రాత్రి విధులు చేయడానికి సిద్ధపడాలి. లేదా ఆ వృత్తిని వదులుకోవాలి.

రెండవ నష్టం మాటకు సంబంధించినది. నడివయసులో వెళ్ళిన చదువుకొన్నవారికి ఆంగ్లం రాదని కాదు. చదవగలరు, వ్రాయగలరు. కాని దుకాణంలో వేగంగా మాట్లాడేవారి ఉచ్చారణ అర్థం కాదు. తమ ఉచ్చారణ ఎదుటివారికి అందదు. రెండుసార్లు ‘మళ్ళీ చెప్పండి’ అనిపించుకొన్న మనిషి మూడవసారి మాట్లాడడం మానుకొంటాడు. తెలుగులో చతురంగా, లోతుగా మాట్లాడగలిగిన వ్యక్తి పరభాషలో పొడి మాటలకే పరిమితమైనప్పుడు, తన తెలివి సగం తగ్గినట్లు అతనికే అనిపిస్తుంది. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు మనుమడు దుబాసీగా నిలబడవలసి రావడం పెద్దరికానికి తగిలే దెబ్బ.

మూడవది నడక. అమెరికాలోని అధికభాగం పట్టణాలలో కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేరు. వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. పాతికేళ్ళుగా ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన చేతులు కొత్తగా నేర్చుకోవాలి. అసలు బండి నడపడమే తెలియనివారికి, ముఖ్యంగా గృహిణులకు, ఇల్లు ఒక దీవి అవుతుంది. పగలంతా పిల్లలు ఉద్యోగాలలో, మనుమలు పాఠశాలలో ఉంటారు. వీధిలో మనిషి కనిపించడు. సాయంత్రం అరుగుమీద కూర్చొని పలకరించుకొనే అలవాటున్నవారికి ఆ నిశ్శబ్దం భరించరానిది.

వీటికి తోడు ఆర్థిక భద్రత. అమెరికాలో సామాజిక భద్రతా పింఛను అందుకోవాలంటే 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ళ ఉద్యోగం, సాధారణంగా అవసరం. యాభై రెండేళ్ళకు వెళ్ళిన వ్యక్తి అరవై రెండేళ్ళు వచ్చేవరకు ఎడతెగకుండా పనిచేస్తే గాని అది సిద్ధించదు. అరవై అయిదేళ్ళు నిండిన శాశ్వత నివాసి కూడా వరుసగా అయిదేళ్ళు ఆ దేశంలో నివసించిన తరువాతనే ప్రభుత్వ వృద్ధవైద్య బీమాను రుసుము చెల్లించి పొందగలడు. తల్లిదండ్రులను పిలిపించుకొన్న సంతానం వారి పోషణ బాధ్యత తమదేనని ప్రభుత్వానికి హామీపత్రం వ్రాసి ఇస్తుంది. ఒకనాడు పిల్లలకు జామీనుగా నిలిచిన తల్లిదండ్రులకు ఇప్పుడు పిల్లలు జామీనుగా నిలుస్తారు. ఇది ప్రేమతో జరిగేదే అయినా, స్థానాలు తారుమారైన సంగతిని ఆ కాగితం గుర్తుచేస్తూనే ఉంటుంది.

విరాటుని కొలువు

మన సాహిత్యంలో ఈ పరిస్థితికి దగ్గరగా ఉన్న కథ విరాటపర్వం. తిక్కన సోమయాజి తెలుగుచేసిన ఈ పర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి మత్స్యదేశం చేరుతారు. నగరంలోకి వెళ్ళే ముందు తమ ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచుతారు. రాజసూయం చేసిన ధర్మరాజు కంకుడై మరొక రాజు కొలువులో చేరుతాడు. భీముడు వంటశాలలోను, అర్జునుడు నాట్యశాలలోను, నకులుడు అశ్వశాలలోను, సహదేవుడు గోశాలలోను కుదురుకొంటారు. ద్రౌపది సైరంధ్రియై రాణికి అలంకారం చేస్తుంది. పరుల కొలువులో ఎలా మెలగాలో ధౌమ్యుడు వారికి ముందుగానే బోధిస్తాడు.

ఈ కథలో గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, ఎవరూ తమకు రాని పనిని ఎంచుకోలేదు. బిరుదు మారింది గాని విద్య మారలేదు. వంట తెలిసినవాడు వంటశాలకు, గుర్రాల గుణం తెలిసినవాడు అశ్వశాలకు వెళ్ళాడు. రెండవది మరింత ముఖ్యమైనది. విరాటుని ఆలమందలను శత్రువులు తరలించుకొనిపోయినప్పుడు పాండవులు ఆ ఆపదను తమదిగా భావించారు. దక్షిణ గోగ్రహణంలో భీమాదులు, ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు పోరాడి ఆ మందలను మళ్ళించారు. జమ్మి మీద దాచిన గాండీవం ఆశ్రయమిచ్చిన ఊరి ఆవుల కోసం క్రిందికి దిగింది. అంతవరకు సేవకులుగా ఉన్నవారు ఆ తరువాత విరాటునికి వియ్యంకులయ్యారు.

పాండవుల అజ్ఞాతవాసానికి ఒక సంవత్సరమే గడువు. వలసవెళ్ళినవారికి అటువంటి గడువు లేదు. అయినా కథలోని సూత్రం వారికీ వర్తిస్తుంది. పొట్టకూటి కోసం చేసే కొలువు ఆశ్రయాన్ని ఇస్తుంది. ఆశ్రయమిచ్చిన ఊరి కష్టంలో చేయి వేయడం స్థానాన్ని ఇస్తుంది. ఒకప్పటి తహసీల్దారు కిరాణా దుకాణంలో లెక్కలు చూడడం, ఒకప్పటి ప్రధానోపాధ్యాయుడు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం చిన్నతనం కాదు. ఆ పనితోనే ఆగిపోయి, జమ్మి మీద దాచిన విద్యను శాశ్వతంగా మరచిపోవడమే నిజమైన నష్టం.

సర్దుబాటులోని దారులు

పరసంస్కృతిలో అడుగుపెట్టిన మనిషి మానసిక స్థితిని పలువురు పండితులు పరిశీలించారు. మానవశాస్త్రజ్ఞుడు కాలెర్వో ఓబెర్గ్ 1954లో చేసిన ప్రసంగంలో దీనిని దశలుగా విభజించాడు. మొదట అంతా వింతగా, అందంగా కనిపిస్తుంది. శుభ్రమైన వీధులు, పెద్ద దుకాణాలు ఆశ్చర్యపరుస్తాయి. కొన్ని నెలలకు చిరాకు మొదలవుతుంది. ఊరి నీటి రుచి మొదలు ఎండ తీవ్రత వరకు అన్నీ గుర్తుకు వచ్చి, కొత్త దేశంలో ప్రతి చిన్న విషయమూ తప్పుగా తోస్తుంది. ఆ పిమ్మట క్రమంగా తేరుకోవడం, చివరకు అలవాటుపడడం జరుగుతుంది. రెండవ దశలో తిరిగి వెళ్ళిపోవాలనిపించడం సహజమని తెలిసి ఉండడమే ఒక ధైర్యం.

జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వలసవెళ్ళినవారి ముందు నాలుగు దారులు ఉంటాయని వివరించాడు. తన సంస్కృతిని పూర్తిగా వదలి కొత్తదానిలో కలిసిపోవడం ఒకటి. కొత్తదానిని దగ్గరకు రానీయక తన వారితోనే ఉండిపోవడం మరొకటి. రెండింటినీ నిలుపుకొని సమన్వయం చేసికోవడం మూడవది. రెండింటికీ దూరమై ఒంటరిగా మిగలడం నాలుగవది. మన పెద్దలు రెంటికీ చెడ్డ రేవడి అన్నది ఈ నాలుగవ స్థితినే. సాధారణంగా సమన్వయ మార్గాన్ని అనుసరించినవారికే మానసిక స్వాస్థ్యం ఎక్కువని బెర్రీ అభిప్రాయం. నడివయసువారికి మొదటి దారి దాదాపు అసాధ్యం. ఏభై ఏళ్ళ భాషను, భోజనాన్ని, భక్తిని ఎవరూ వదులుకోలేరు. వారు సులభంగా జారిపోయేది రెండవ, నాలుగవ దారులలోకి. మూడవ దారిలో నడవాలంటే రెండు వలయాలలో పాల్గొనాలి.

మొదటి వలయం: మాతృభాషా సమాజం

పెళ్ళగించిన చెట్టుకు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ ఎటువంటిదో, వలసవెళ్ళినవారికి తమ భాష మాట్లాడే సమాజం అటువంటిది. 1976లో పిట్స్‌బర్గ్ సమీపంలోని పెన్‌హిల్స్‌లో శ్రీవేంకటేశ్వరాలయం, 1977లో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో గణపతి ఆలయం వెలిశాయి. 1977లోనే న్యూయార్క్‌లో తెలుగువారి మొదటి మహాసభ జరిగింది. అదే ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి, అంటే తానాకు, నాంది. తరువాతి కాలంలో ఆటా వంటి ఇతర సంఘాలు, నగరాల వారీగా స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి. సిలికానాంధ్ర సంస్థ 2007లో మనబడి అనే పేరుతో పిల్లలకు తెలుగు నేర్పే కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఇటువంటి సంస్థలలో నడివయసువారి విద్యలకు గిరాకీ ఉన్నది. ఉద్యోగంలో తలమునకలైన యువ దంపతులకు పద్యం నేర్పే తీరిక ఉండదు. అచ్చులు, హల్లులు దిద్దించగల ఓర్పు, ఉగాది పచ్చడి పాళ్ళు, బతుకమ్మ పేర్చే పద్ధతి, బొమ్మల కొలువు అమరిక, పెళ్ళి పందిట్లో ఏ ఘట్టం తరువాత ఏది జరగాలో తెలిసిన జ్ఞానం వీరి వద్దనే ఉంటాయి. పైన ఊహించిన గణితోపాధ్యాయిని ఆదివారం తెలుగు బడిలో పదిమంది పిల్లల ముందు నిలబడినప్పుడు ఆమెను మళ్ళీ ‘టీచరుగారూ’ అని పిలుస్తారు. ఆ పిలుపు జీతం ఇవ్వదు; కాని వారంలో మిగిలిన ఆరు రోజులు తలెత్తుకొని ఉండే బలాన్ని ఇస్తుంది.

అయితే ఈ వలయానికి లోపాలూ ఉన్నాయి. కులం, ప్రాంతం, పదవీకాంక్ష అనే మన పాత జబ్బులు విమానమెక్కి అక్కడికి కూడా చేరాయి. ఒక సంఘం రెండు కావడం, రెండు నాలుగు కావడం అక్కడి తెలుగువారికి పరిచితమైన విషయమే. అంతకంటె సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉన్నది. తెలుగు కిరాణా దుకాణం, తెలుగు వైద్యుడు, తెలుగు చలనచిత్రం, తెలుగు టెలివిజను దొరికిన తరువాత కొందరు ఇరవై ఏళ్ళు గడిచినా పక్కింటివారి పేరు తెలియకుండా జీవిస్తారు. మట్టిగడ్డలోనే వేళ్ళు చుట్టుకొనిపోయిన చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. గాలివాన వచ్చిననాడు అది నిలబడలేదు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు, మంచు తుఫానులో విద్యుత్తు పోయినప్పుడు, ముందుగా తలుపు తట్టగలిగేది నలభై మైళ్ళ దూరంలోని తెలుగు మిత్రుడు కాదు, పక్కింటి మనిషి.

రెండవ వలయం: ఇరుగుపొరుగు

అమెరికా సమాజంలో ఇరుగుపొరుగుతో కలిసే పద్ధతి మన పద్ధతికి భిన్నం. పిలవకుండా ఇంటికి వెళ్ళడం అక్కడ మర్యాద కాదు. అందువలన అక్కడివారు కలుపుగోలు మనుషులు కారని కొత్తవారు పొరబడతారు. నిజానికి వారు కలిసే చోటు అరుగు కాదు, పని. 1831–32లో ఆ దేశంలో పర్యటించిన ఫ్రెంచి రచయిత అలెక్సీ డి టోక్విల్, అమెరికనులు ప్రతి చిన్న అవసరానికీ స్వచ్ఛందంగా సంఘాలు కట్టుకొనే అలవాటును విశేషంగా వర్ణించాడు. ఆ అలవాటు తరుగుతున్నదని 2000లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ గ్రంథంలో రాబర్ట్ పుట్నమ్ ఆందోళన వ్యక్తం చేశాడు. ఒకే రకం మనుషులను బిగించే బంధం వేరు, వేర్వేరు మనుషులను కలిపే వారధి వేరు అని, సమాజానికి రెండూ అవసరమేనని ఆయన వివరించాడు. మొదటి వలయం బంధం. రెండవ వలయం వారధి.

ఈ వారధికి తొలిమెట్టు చాలా ఊళ్ళలో ప్రజా గ్రంథాలయం. అక్కడ పుస్తకాలు ఉచితం. ఎన్నో గ్రంథాలయాలలో కొత్తగా వచ్చినవారికి ఆంగ్ల సంభాషణ తరగతులు, పౌరసత్వ పరీక్షకు శిక్షణ కూడా ఉచితంగానే లభిస్తాయి. ఆ తరగతిలో చైనా, మెక్సికో, ఇథియోపియా దేశాలనుండి వచ్చిన నడివయసువారు పక్కన కూర్చొంటారు. తన తడబాటు తన ఒక్కరిదే కాదని తెలిసినప్పుడు సిగ్గు సగం తగ్గుతుంది. నేర్చుకోవడానికి వెళ్ళినవారే కొన్ని నెలలకు అక్కడ పుస్తకాలు సర్దే స్వచ్ఛంద సేవకులు కావచ్చు.

రెండవ మెట్టు ఆహార నిధి. మిగిలిపోయిన ఆహార పదార్థాలను సేకరించి పేదలకు చేర్చే ఈ పద్ధతి 1967లో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఆరంభమై దేశమంతటా వ్యాపించింది. డబ్బాలను వేరుచేయడానికి, సంచులు నింపడానికి గొప్ప ఆంగ్లం అవసరం లేదు. పక్కపక్కన నిలబడి రెండు గంటలు పనిచేసిన ఇద్దరి మధ్య మాట దానంతటదే పుడుతుంది. అన్నదానాన్ని మహాదానంగా భావించే సంస్కృతినుండి వచ్చినవారికి ఈ పని పరాయిగా తోచదు. పాఠశాలలో పిల్లల చేత చదివించడం, ఆసుపత్రిలో దారి చూపడం, ఉమ్మడి తోటలో కూరగాయలు పండించడం ఇటువంటివే. కొన్ని చోట్ల పూర్వచరిత్ర పరిశీలన జరిపిన తరువాతనే అనుమతి ఇస్తారు. దానిని అనుమానంగా భావించనక్కరలేదు. అక్కడివారికీ అదే నియమం.

చిన్న పనులకూ విలువ ఉన్నది. ఇంటి ముందరి కాలిబాటపై మంచును ఇంటివారే తొలగించాలని అనేక పట్టణాలలో నియమం. తన వాకిలితోపాటు పక్కనున్న వృద్ధురాలి వాకిలిలోని మంచును కూడా ఎత్తివేసిన వ్యక్తి ఒక్కమాటైనా మాట్లాడకుండానే ఆ వీధివాడవుతాడు. ప్రతి ఇల్లూ ఒక వంటకం తెచ్చి పంచుకొనే వీధి విందుకు పులిహోర తీసుకొని వెళ్ళిన గృహిణి మరుసటి వారం దానిని ఎలా చేయాలో చెప్పవలసి వస్తుంది. అడిగేవారు ఉన్నప్పుడు భాష కూడా వస్తుంది.

మూడవ మెట్టు పౌర జీవనం. పురపాలక సభలు, పాఠశాల మండలి సభలు సాధారణంగా అందరికీ తెరచి ఉంటాయి. సభ్యులు కానివారికి కూడా కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం ఉంటుంది. తన వీధికి కాలిబాట కావాలని అక్కడ నిలబడి చెప్పిన మనిషి ఆ ఊరిని తనదిగా భావించాడని అర్థం. సాధారణంగా అయిదేళ్ళ శాశ్వత నివాసం తరువాత పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఆంగ్లంలోను, ఆ దేశ చరిత్ర, పాలనా విధానాలలోను పరీక్ష ఉంటుంది. యాభై ఏళ్ళు నిండి ఇరవై ఏళ్ళ శాశ్వత నివాసం, లేదా యాభై అయిదేళ్ళు నిండి పదిహేనేళ్ళ శాశ్వత నివాసం ఉన్నవారికి ఆంగ్ల పరీక్షనుండి మినహాయింపు ఉన్నది. వారు చరిత్ర ప్రశ్నలకు దుబాసీ సహాయంతో మాతృభాషలో సమాధానం చెప్పవచ్చు.

ఇంటి లోపల

ఈ రెండు వలయాలలోకి వెళ్ళడానికి మొదటి అడ్డంకి తరచుగా ఇంటిలోనే ఉంటుంది. తల్లిదండ్రులు వచ్చినది మనుమల పెంపకానికే అన్న భావన కొన్ని కుటుంబాలలో చెప్పకనే ఉంటుంది. మనుమలను పెంచడం ఆనందమే. కాని పిల్లవాడు అయిదేళ్ళకు బడికి వెళ్ళిననాడు ఆ తాతకు, అమ్మమ్మకు చేతిలో పని లేదు, బయట పరిచయం లేదు. తమ జీవితం మరొకరి దినచర్యకు అనుబంధంగా మారిందన్న దుఃఖాన్ని వారు పైకి చెప్పరు. చెబితే బిడ్డ నొచ్చుకొంటాడని భయం. కన్నవారు బంగారు పంజరంలో ఉన్నట్లు బిడ్డకు తెలియదు.

కనుక తల్లిదండ్రులను పిలిపించుకొన్న సంతానం వారికి గదిని, మందులను సమకూర్చడంతో తమ బాధ్యత తీరిందనుకోరాదు. బండి నడపడం నేర్పించాలి. లేదా వారంలో రెండు రోజులు వారిని కోరిన చోటికి దింపాలి. బస్సు ఉన్న ఊరయితే దారి చూపాలి. వైద్యుని వద్ద మాట్లాడేటప్పుడు ముందుగా వారినే మాట్లాడనిచ్చి, అవసరమైనప్పుడే అందుకోవాలి. ఇంటి ఖర్చులో, పిల్లల విషయంలో వారి సలహా అడగాలి. ఇంటిలో మాట చెల్లినవారే బయట మాట్లాడగలరు.

రెండు నేలల నడుమ

నడివయసు వలసలో మరొక బాధ వెనుక వదలి వచ్చిన బాధ్యతలు. యాభై ఏళ్ళ వ్యక్తికి ఊరిలో ఎనభై ఏళ్ళ తల్లి ఉంటుంది. కౌలుకిచ్చిన పొలం ఉంటుంది. ఇంకా పెళ్ళి కాని కూతురు చదువు కోసం అక్కడే ఉండిపోయి ఉంటుంది. తల్లి కన్నుమూసిన వార్త రాత్రిపూట ఫోనులో వినవలసి వస్తుంది. విమానంలో ఒక పగలు, ఒక రాత్రి గడిచి ఊరు చేరేసరికి చివరి చూపు దక్కకపోవచ్చు. ఈ దుఃఖానికి ఏ సంఘమూ పరిహారం చెల్లించలేదు. అయితే ఆ వారంలో వంట చేసి తెచ్చే చేతులు, పక్కన మౌనంగా కూర్చొనే మనుషులు ఉంటే అది భరించదగినదవుతుంది.

కొందరు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడుపుతారు. వినడానికి ఇది సుఖంగా కనిపిస్తుంది. కాని ఆరు నెలలకు మించి వెలుపల ఉంటే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం ప్రశ్నార్థకమవుతుంది. ఏడాది దాటితే శాశ్వత నివాస హక్కుకే చిక్కు రావచ్చు. అంతకు మించి, ఏటా రెండుసార్లు పెళ్ళగించే మొక్క ఏ నేలలోనూ వేరు తన్నదు. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. విదేశీ పౌరసత్వం తీసుకొన్నవారికి 2005లో చేసిన చట్ట సవరణ ద్వారా ప్రవాస భారతీయ పౌర కార్డు సౌకర్యం విస్తృతమైంది. దానితో జీవితకాలం వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు హక్కు మాత్రం ఉండదు. ఎక్కడ ఓటు వేయాలో తేల్చుకోవడమంటే ఏ ఊరి మంచిచెడ్డలకు బాధ్యత వహించాలో తేల్చుకోవడమే. అందరూ అక్కడే ఉండిపోవాలన్న నియమం లేదు. కొంతకాలం ప్రయత్నించి, అవగాహనతో తిరిగి వచ్చినవారిని ఓడిపోయినవారిగా చూడడం అన్యాయం.

ఊరివాడు కావడం

తెలుగు కుటుంబంలో పుట్టిన గణాంక శాస్త్రవేత్త సి. ఆర్. రావు భారత గణాంక సంస్థలో నాలుగు దశాబ్దాలు సేవ చేసి, దాదాపు అరవై ఏళ్ళ వయసులో అమెరికా వెళ్ళారు. పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో మరొక జీవితకాలమంత పని చేశారు. 2002లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన పతకాన్ని అందుకొన్నారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వారిని వరించింది. అదే సంవత్సరం ఆగస్టులో వారు కన్నుమూశారు. అందరికీ అంతటి ప్రతిభ ఉండదు. విశ్వవిద్యాలయాలు అందరినీ ఆహ్వానించవు. కాని నడివయసుతో మనిషి ఉపయోగం ముగిసిపోదన్న సత్యం, రావుగారికి ఎంత నిజమో, ఆదివారం బడిలో అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయినికీ అంతే నిజం.

కొత్త దేశంలో మొదటి సంవత్సరాలలో మనిషి పుచ్చుకొనే స్థితిలో ఉంటాడు. దారి అడుగుతాడు, సహాయం తీసుకొంటాడు, పదేపదే కృతజ్ఞతలు చెబుతాడు. ఆ స్థితి ఎక్కువకాలం కొనసాగితే కృతజ్ఞత కూడా బరువవుతుంది. ఎప్పుడో ఒకనాడు ఎవరో అతని కోసం ఎదురుచూడాలి. మంగళవారం ఉదయం గ్రంథాలయంలో అతడు కనిపించకపోతే, ఒంట్లో బాగులేదా అని ఎవరో ఫోను చేయాలి. ఆ ఫోను వచ్చిననాడు అతడు అతిథి కాడు. వారానికి రెండు గంటలైనా సరే, ఒకే చోట, ఒకే వేళకు, మానకుండా చేసిన పనికి ఆ శక్తి ఉన్నది.

ఈ పాఠం చదివే విద్యార్థులలో కొందరు రేపు పరదేశం వెళ్ళి తమ తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. వెళ్ళనివారికి కూడా ఇందులో ఒక బాధ్యత ఉన్నది. నలభై ఏళ్ళు దాటిన తరువాత ఒడిశానుండో, బీహారునుండో కుటుంబంతో సహా వచ్చి, మన పట్టణాలలో ఇటుక బట్టీల వద్ద, నిర్మాణ స్థలాల వద్ద పనిచేస్తున్నవారు ఎందరో ఉన్నారు. వారికి కూడా విడిచి వచ్చిన ఊరు ఉన్నది, అక్కడ ఒక పేరు ఉన్నది. మన భాషలో రెండు మాటలు తడబడుతూ మాట్లాడినప్పుడు, ‘మళ్ళీ చెప్పండి’ అని ఓపికగా అడిగేవారు వారికీ కావాలి.